అప్పిచ్చువాడు ఎక్కడ నిలువవలెను?

చదువుకొనవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 24:10–13, నెహెమ్యా 5:1–13, లూకా 6:34–36



గత చలికాలములో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక పెద్దమ్మ ఫోను చేతపట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమె కుమార్తె నర్సు చదువు చదివి ఇప్పుడు ఇంగ్లండు దేశములో ఉద్యోగము చేయుచున్నది. పదేండ్ల మనుమడు అక్కడి బడిలోనే చదువుచున్నాడు. ఆ పిల్లవాడు తన గొంతుతో అవ్వకు ఒక కబురు పంపెను. తమ తరగతిలో "అభివృద్ధి చెందుచున్న దేశములు" అను పాఠము జరుగుచున్నదట. పిల్లలందరును తలా కొంత వేసికొని పదునైదు పౌండ్లు కూడబెట్టి, దూరదేశములో కూరగాయలు అమ్ముకొను ఒక స్త్రీకి కంప్యూటరు ద్వారా అప్పుగా ఇచ్చిరట. ఆమె ఫోటోను గోడకు అంటించి, నెలనెల ఆమె తీర్చునది లెక్క వ్రాసికొనుచున్నారట. కడపట ఆ పిల్లవాడు ఇట్లు అడిగెను: "అవ్వా, నువ్వు గూడ ఎప్పుడన్న ఇట్ల అప్పు తీసుకున్నవా? ఇచ్చినోళ్ళు మంచోళ్ళేనా?"

"పిల్లగానికి ఏం జెప్పాలె అయ్యగారూ?" అని ఆమె నన్ను అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఏలయనగా ఆమె అప్పు కథ నాకు తెలియును. ఆ కథలో నేనును ఉన్నాను. ఈ నెల మన పత్రికలో ఆ పిల్లవాని ప్రశ్ననే మీ ముందు ఉంచుచున్నాను. అవసరములో నున్నవానికి అప్పిచ్చుట మేలా, కీడా? మేలైనయెడల, ఇచ్చువాడు ఎట్టి మనస్సుతో ఇయ్యవలెను? ఇచ్చి ఏమి నేర్చుకొనవలెను?

మన పెద్దలు ఈ విషయములో రెండు మాటలు చెప్పిరి. సుమతీ శతకకారుడు ఊరికి కావలసినవాటిని లెక్కించుచు అప్పిచ్చువానినే మొదట చెప్పెను. వైద్యుడు కూడ అతని తరువాతివాడే. సామెతల గ్రంథము ఇరువది రెండవ అధ్యాయములో సొలొమోను, అప్పుచేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడగునని హెచ్చరించెను. పల్లెలో పుట్టిన మనకు ఈ రెండును నిజమేనని తెలియును. అప్పు పుట్టని ఊరిలో బ్రదుకు లేదు. అప్పు పుట్టిన ఇంటిలో నిద్ర లేదు.

చిన్న అప్పుతో పేదవానిని నిలువబెట్టవచ్చునన్న తలంపు క్రొత్తది కాదు. జర్మనీ దేశములో ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ రైఫైజన్ అను దైవభక్తిగల గ్రామాధికారి ఉండెను. 1846–47 సంవత్సరముల కరువులో ఆయన ధనవంతుల యొద్ద చందాలు పోగుచేసి పేదలకు రొట్టె దొరకునట్లు చేసెను. కాని ధనవంతుల జాలి కొంతకాలమే నిలుచునని ఆయన గ్రహించెను. కావున 1864లో హెడెస్‌డోర్ఫ్ అను గ్రామములో, అప్పు కావలసినవారే సభ్యులుగా నుండి ఒకరికొకరు పూచీపడు సంఘమును స్థాపించెను. మద్రాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని ఐరోపాకు పంపి ఇట్టి సంఘములను పరిశీలింపజేసెను. 1895, 1897 సంవత్సరములలో ఆయన నివేదిక రెండు సంపుటములుగా వెలువడెను. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. నేడు మన ఊరి సొసైటీలో ఎరువు కొరకు వరుసలో నిలుచు రైతు ఆ జర్మనీ గ్రామాధికారికి కొంత ఋణపడియున్నాడు.

తరువాత 1976లో, బంగ్లాదేశములోని చిట్టగాంగు దగ్గర జోబ్రా అను పల్లెలో ముహమ్మద్ యూనుస్ అను అధ్యాపకుడు 42 మంది బీదలకు అందరికిని కలిపి 27 డాలర్ల విలువగల సొమ్ము అప్పుగా ఇచ్చెను. విశ్వవిద్యాలయములో తాను చెప్పు ఆర్థికశాస్త్రమునకును, గోడకు ఆవలనున్న పల్లె ఆకలికిని పొందిక లేదని ఆయనకు తోచెను. ఆ చిన్న ఆరంభమునుండి 1983లో గ్రామీణ బ్యాంకు పుట్టెను. 2006లో ఆయనకును ఆ బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానము వచ్చెను. 2005లో అమెరికాలో కీవా అను సంస్థ ప్రారంభమై, 25 డాలర్లు గల ఎవరైనను దూరదేశపు చిన్న వ్యాపారికి అప్పియ్యగల మార్గము తెరచెను. బడిపిల్లలు కూడ ఇట్టి మార్గములను పాఠముగా పెట్టుకొనిరి.

ఇందులో మంచి లేదని నేను అనను. ధర్మము చేయు పిల్లవాడు "పాపము, బీదది" అని అనుకొనును. అప్పిచ్చు పిల్లవాడు "ఈమె కష్టపడగలదు, తిరిగి ఇయ్యగలదు" అని నమ్ముట నేర్చుకొనును. ఆ స్త్రీకి ఒక పేరు, ఒక వృత్తి, ఒక లెక్క ఉన్నవని అతనికి తెలియును. చేయి చాపిన మనిషిని కాక, చేయి పని చేయుచున్న మనిషిని చూచుట గొప్ప పాఠమే. కాని అది సగము పాఠము. మిగిలిన సగము అప్పు పుచ్చుకొన్నవారి యింటిలో ఉన్నది. ఆ యింటిలోనికి మిమ్మును తీసికొనిపోవుదును.

జహీరాబాదు చుట్టుపట్ల గ్రామములలో మన తాతముత్తాతలు ఎట్లు బ్రదికిరో మీకు తెలియును. కొన్ని చోట్ల ఎర్రనేల, కొన్ని చోట్ల నల్లరేగడి. వానపడిన ఏడు జొన్న, కంది. వాన తప్పిన ఏడు దొర గడప. నిజాం కాలములో పెండ్లికో ఆకలికో తెచ్చిన కొద్దిపాటి అప్పుకు మనిషి భాగేలాగా పోయి, ఏండ్ల తరబడి ఇంకొకని పొలములో చాకిరి చేసెను. అతడు చనిపోయిన, ఆ అప్పు కుమారుని మెడమీద పడెను. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో గాని రాలేదు. ఆ జ్ఞాపకము మన వారి ఎముకలలో ఉన్నది. కావున పల్లెలో అప్పు అనగా లెక్క మాత్రమే కాదు. అది ఎవరు ఎవరి యెదుట తలవంచవలెనన్న మాట.

ఇప్పుడు ఆ పెద్దమ్మ కథ చెప్పుదును. ఆమె సెలవు తీసికొనియే వ్రాయుచున్నాను.

నేను గురువిద్య ముగించుకొని ఈ సంఘమునకు వచ్చిన తొలి దినములవి. ఆ కాలమున చిన్న అప్పులిచ్చు కంపెనీలు ఊరూరికి వచ్చుచుండెను. ఆమె మరి నలుగురు స్త్రీలతో గుంపుగా చేరి పదివేల రూపాయలు తీసికొనెను. కాగితము మీద "గేదె కొరకు" అని వ్రాయించిరి. నిజమునకు ఆ సొమ్ము కుమార్తె నర్సింగు బడి రుసుమునకు పోయెను. కుమార్తె చదువునకని అడిగిన ఇచ్చెదరో లేదోయని భయము. గేదెకనిన ఇత్తురని అందరికిని తెలియును. వారమునకు 225 రూపాయల చొప్పున ఏబది వారములు చెల్లించవలెను. మొత్తము 11,250. నూటికి పన్నెండున్నర వడ్డీయేయని చెప్పిరి. కాని అసలు వారము వారము తగ్గుచు వచ్చును గదా? సంవత్సరమంతయు సగటున ఆమె చేతిలో నిలిచిన సొమ్ము అయిదువేలకు కొంచెము పైన మాత్రమే. దానిపై 1,250 వడ్డీయనగా నూటికి ఇంచుమించు ఇరువదియైదు పడినది. ఈ లెక్క ఆనాడు ఆమెకు ఎవరును చెప్పలేదు. అక్షరము వచ్చిన నేనును చెప్పలేదు.

2010 వానాకాలములో ఆమె భర్త జ్వరముతో పడెను. కూలి లేదు. మూడు వారములు కిస్తు తప్పెను. ఒకరు కట్టనియెడల తక్కిన నలుగురు కట్టవలెనని ఆ గుంపు నియమము. వసూలు చేయువాడు ఆమె యింటిలోనికి వచ్చి మంచముమీద కూర్చుండి, సొమ్ము వచ్చువరకు ఎవరును లేవకూడదనెను. ఆ నలుగురు స్త్రీలు వాకిట కూర్చుండిరి. వారెవరో పరాయివారు కారు. ఆదివారమున ఆమెతో ఒకే చాపమీద కూర్చుండి ప్రార్థించినవారే. చీకటి పడువరకు వారు ఆమెను మాటలాడిరి. నేను ఆ దారినే సైకిలుమీద పోవుచు అది చూచితిని, ఆగలేదు. "ఇది లౌకిక వ్యవహారము" అని నాకు నేను చెప్పుకొంటిని.

అంతటితో పోలేదు. మరుసటి ఆదివారమున రోమీయులకు వ్రాసిన పత్రిక పదమూడవ అధ్యాయము తీసికొని, విశ్వాసి అప్పుపడి యుండకూడదని గట్టిగా ప్రసంగించితిని. పౌలు ఆ మాటవెంటనే ప్రేమను గూర్చి చెప్పిన సగమును చదివితిని గాని ప్రసంగములో ముట్టలేదు. ఆమె మధ్యలోనే లేచిపోయెను. మరుసటి కోతపండుగ వరకు గుడికి రాలేదు. చెవి కమ్మలు అమ్మి అప్పు తీర్చినదని తరువాత వింటిని.

ఆ సంవత్సరము అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక ఆర్డినెన్సు తెచ్చి, తరువాత దానిని చట్టము చేసెను. ఇట్టి కంపెనీలు నమోదు కావలెననియు, వారము వారము కాక నెలకొకసారి వసూలు చేయవలెననియు, అదియును అప్పుపడినవారి యింటివద్ద కాక పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగ స్థలములోనే జరుగవలెననియు అందులో నియమించిరి. ఆ వార్త పత్రికలో చదివినప్పుడు నాకు ద్వితీయోపదేశకాండము జ్ఞాపకము వచ్చెను. పొరుగువానికి అప్పిచ్చినవాడు తాకట్టు తీసికొనుటకు అతని యింటిలోనికి చొరబడకూడదు, బయటనే నిలువవలెను, అప్పు పుచ్చుకొన్నవాడే దానిని వెలుపలికి తేవలెను. అతడు బీదవాడై కప్పుకొను వస్త్రమునే తాకట్టు పెట్టినయెడల, ప్రొద్దుగుంకునప్పటికి దానిని తిరిగి ఇచ్చివేయవలెను. మోషే ధర్మశాస్త్రము అప్పును నిషేధింపలేదు. తిరిగి అడుగుటను కూడ నిషేధింపలేదు. అది కాపాడినది గడపను. ఇంటిలోపల భార్యబిడ్డల యెదుట మనిషికి ఒక మర్యాద కలదు. ఎంత సొమ్మైనను ఆ మర్యాదను కొనజాలదు.

నెహెమ్యా గ్రంథములోని అయిదవ అధ్యాయమును కూడ శ్రద్ధగా చదువుడి. కరువులో పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టి, కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించిన జనులు మొరపెట్టిరి. వారు మొరపెట్టినది శత్రువులమీద కాదు, తమ సహోదరులమీద. నెహెమ్యా విని మిగుల కోపపడి ప్రధానులను గద్దించెను. అయినను అక్కడ ఒక మాట మనము తరచుగా దాటిపోవుదుము. తానును, తన బంధువులును, తన దాసులును కూడ సొమ్మును ధాన్యమును అప్పిచ్చినవారమేయని ఆయన ఒప్పుకొనెను. తరువాతనే, మనమందరము దీనిని విడిచిపెట్టుదమనెను. గద్దించుటకు ముందు తనను లెక్కలో చేర్చుకొనని బోధకుని గద్దింపు ఎవరిని మార్చును? నా ప్రసంగములో లేనిది అదే.

ఇంకొక సంగతి. అప్పులో ఉన్న న్యాయము అంకెలో మాత్రమే తెలియదు. పూర్వము మన గ్రామములలో ఆకలినెలలలో ధాన్యము నాగుకు తెచ్చుకొనుట వాడుక. పంటనాటికి ఒకటికి ఒకటిన్నర, కొన్నిచోట్ల ఒకటికి రెండు కొలిచి తీర్చవలెను. అది ఎన్నో కుటుంబములను తినివేసెను. అయితే 1983 నుండి పస్తాపూరు కేంద్రముగా మన ప్రాంతమున పనిచేసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగములను చూడుడి. ఆ సంగములలో అధికులు దళిత స్త్రీలు. పేడతో అలికిన బుట్టలలో బూడిదయు వేపాకును కలిపి వారు జొన్న, కంది, కొర్ర, సామ విత్తనములను దాచుకొనిరి. విత్తనము లేని పొరుగుదానికి ఇచ్చిరి. పంటకు ఆమె రెట్టింపు తెచ్చి సంగమునకు కొలిచెను. లెక్క చూచిన అదియు ఒకటికి రెండే! అయినను ఒకటి సంకెల ఆయెను, ఒకటి సహాయమాయెను. ఎందువలన?

మొదటిది, తిండిగింజ కడుపులోనికి పోయి తీరిపోవును. విత్తనము నేలలో పడి అనేకరెట్లు ఫలించును. తిన్నదానికి రెట్టింపు ఇచ్చుట ప్రాణము తీయును. విత్తినదానికి రెట్టింపు ఇచ్చుట భారము కాదు. రెండవది, షావుకారు కొలిపించుకొన్న ధాన్యము అతని గాదెలోనికి పోయెను. సంగములో కొలిచిన విత్తనము మరియొక పేదరాలి చేనికి పోయెను. నేడు పుచ్చుకొన్నది రేపు ఇచ్చినది. మూడవది, ఇచ్చినవారికిని ఆకలి తెలియును.

ఆ సంగములే 1990 దశాబ్దములో బీడుపడిన పొలములను సేద్యమునకు తెచ్చుటకు పెట్టుబడి అప్పిచ్చి, దానిని రూపాయలలో కాక జొన్నలలో తీర్చుకొని, ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి, ఆకలినెలలలో అతిపేదలకు తక్కువ ధరకు ఇచ్చిరి. అతిపేదలెవరో నిర్ణయించుటకు ఊరివారే కూర్చుండి నేలమీద ముగ్గు గీచి తేల్చిరి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము వచ్చెను. దానిని చిరకాలము నడిపిన పి. వి. సతీష్ గారు 2023 మార్చిలో కాలధర్మము చెందిరి. చదువురాని స్త్రీలు అప్పును గూర్చి ఈ లోకమునకు పాఠము చెప్పిరి. అభివృద్ధి చెందుచున్న దేశము అనగా అప్పు పుచ్చుకొను దేశమేయని ఏ బడిలోనైనను చెప్పుచున్నయెడల, ఆ బడి మన జహీరాబాదు పొలములకు ఒకసారి రావలెను.

కావున పిల్లలు అప్పిచ్చి నేర్చుకొందురా? తప్పక నేర్చుకొందురు; అడుగుట నేర్పినయెడల. ఫోటో క్రింద వ్రాసిన కథ తరచుగా ఇచ్చువానికి నచ్చు కథ. గేదె వెనుక ఒక కుమార్తె చదువు ఉండవచ్చును. దూరమునుండి ఇచ్చు పిల్లవాడు వడ్డీ తీసికొనడు. అయినను నడుమనున్న స్థానిక సంస్థ ఆమె యొద్ద వడ్డీ తీసికొనును. అనేక పర్యాయములు ఆ ఫోటో గోడకెక్కకముందే ఆ సంస్థ ఆమెకు సొమ్ము ఇచ్చియుండును. పిల్లల సొమ్ము ఆ సంస్థకు చేరును. ఇది మోసమని నేను చెప్పుట లేదు. సంస్థకును జీతములు, ప్రయాణములు, నష్టములు ఉన్నవి. అయితే ఇచ్చువాడు వీనిని తెలిసికొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆమె తీర్చలేని దినమున ఆమె గడపయొద్ద ఎవరు నిలిచెదరు, ఎట్లు నిలిచెదరు అని తెలిసికొనవలెను. మన ప్రభువు లూకా సువార్త ఆరవ అధ్యాయములో, తిరిగి వచ్చునను నిరీక్షణతో మాత్రమే అప్పిచ్చుటలో గొప్పయేమియు లేదనెను. తీర్చగలవానికి అప్పిచ్చుట వ్యాపారము. తీర్చలేని దినమునందును వానిని సహోదరునిగా ఎంచుట ప్రభువు అడిగిన పని.

ఆ సాయంకాలము పెద్దమ్మ వెళ్ళిపోయిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఆమె యింటికి పోయి గడప వెలుపలనే నిలిచి, పదునైదేండ్ల క్రిందటి ఆ సాయంకాలమును, ఆ ప్రసంగమును గూర్చి క్షమాపణ అడిగితిని. ఆమె కొంతసేపు ఏమియు మాటలాడలేదు. తరువాత, "ఎండల నిలవడ్డరేంది అయ్యగారూ, లోపటికి రాండ్రి" అనెను. కూర్చున్న తరువాత ఇట్లనెను: "అప్పు మంచిదే ఉండె. గా పైసలు లేకుంటే నా బిడ్డ నర్సు గాకపోవు. ఆళ్ళు వచ్చి కూసున్న తీరే మంచిగ లేకుండె." నేను వారము దినములు వెదకిన జవాబు ఆమె ఒక్క మాటలో చెప్పెను.

మనుమనికి ఆమె ఫోనులో చెప్పినది నా యెదుటనే. "తీసుకున్న బిడ్డా. గా పైసలతోనే మీ అమ్మ చదివింది. మీరు ఇచ్చింది మంచిదే. గని మీ టీచరమ్మను రెండు అడుగు. గా ఆమె వడ్డీ ఎంత గడ్తది? వాన పడక ఆమె కట్టకపోతే మీరేం జేస్తరు?"

పిల్లవాడు అడిగెనట. తరగతిలో వెదకిచూడగా, తాము తీసికొనకపోయినను ఆమె చెల్లించు వడ్డీ ఒకటి ఉన్నదని పిల్లలకు తెలిసి ఆశ్చర్యపడిరట. రెండవ ప్రశ్నకు ఉపాధ్యాయురాలు వెంటనే జవాబియ్యక, దానిని పలకమీద వ్రాసి అట్లే ఉంచెనట.

మన ఆదివారపు బడి పిల్లలును ఈ సంగతి విని, తామును ఎవరికైనను అప్పిత్తుమని వచ్చిరి. వచ్చే వానాకాలము ముందు కోతపండుగ కానుకలలోనుండి కంది, జొన్న విత్తనము మానికెడు చొప్పున ఇద్దరు విధవరాండ్రకు ఇచ్చుటకు తీర్మానించితిమి. అయితే ఒక నియమము పెట్టితిని. ఇచ్చుటకు ముందు పిల్లలు ఒక దినమంతయు వారితో చేనికి పోవలెను. పంట రానియెడల అడుగుటకు పోరాదు; సహాయమునకు పోవలెను. ఆ విత్తనములను ఎంపిక చేసి, బుట్టలో ఎట్లు దాచవలెనో నేర్పుటకు మాలో ఎవరికిని చేతకాదు. అందుకు పెద్దమ్మనే అడిగితిమి. ఆమె ఒప్పుకొనెను.

మీ సంఘములలో కూడ పొదుపు గుంపులు కలవు. ఈ నెలలో కిస్తు కట్టలేని సహోదరి ఎవరైనను ఉన్నయెడల, ఆమె వాకిట మీరు కూర్చుండబోవు ముందు ఒక్క క్షణము ఆగి, తలుపు ఏవైపున మీరున్నారో చూచుకొనుడి.